చీటీలో రాసిన మనిషి

ఇరవై రెండేళ్ళుగా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతున్న మనిషికి, యాభై దగ్గరపడ్డాక ఇంగ్లీషుతో పని పడుతుందని ఎవరనుకుంటారు? అక్క కూడా అనుకోలేదు. కానీ వార్డుల్లోకి ఎక్కడెక్కడి నర్సులో వచ్చి చేరారు. ఎన్ని దుప్పట్లు కావాలో, ఏ గౌన్లు చిరిగాయో ఫోనులో ఇంగ్లీషులోనే చెబుతారు. అందుకని లాండ్రీలో సూపర్‌వైజరు కావాలంటే ఇంగ్లీషు మాట్లాడే పరీక్ష పాసవ్వాలని కొత్తగా ఒక నిబంధన పెట్టారు. ఇస్త్రీ రోలరు ముందు నిలబడీ నిలబడీ అక్క మోకాళ్ళు అరిగిపోయాయి. కూర్చుని చేసే పని దొరికితే అంతే చాలనుకుని, సాయంత్రం క్లాసులో పేరు రాయించుకుంది.

క్లాసు గ్రంథాలయం మేడ మీద గదిలో, మంగళ శుక్రవారాల్లో, అయిదున్నరకు. టీచరు పొట్టి మనిషి. చేతిలో ఎప్పుడూ ఒక ఇత్తడి గంట ఉండేది. గంట కొడితే జట్టు మారాలి, మళ్ళీ కొడితే పాత్ర మారాలి. అందరూ ఆవిడను గంట టీచరు అనేవారు. ఆవిడ ఏనాడూ పుస్తకం తెరిపించిన పాపాన పోలేదు. ఒక పెద్ద సంచీ తెచ్చి బల్ల మీద బోర్లించేది. తీగ తెగిన టెలిఫోను, ఒక చెవికే పనిచేసే స్టెతస్కోపు, రైల్వే టోపీ, ప్లాస్టిక్ టమాటాలు దొర్లుకుంటూ వచ్చేవి. తర్వాత చీటీలు పంచేది. చీటీలో ఎవరుంటే ఆ మనిషి అయిపోవాలి. డాక్టరైతే డాక్టరు, దొంగైతే దొంగ.

"ఈ గదిలోకి వచ్చాక మీరెవరో నాకు అక్కర్లేదు. చీటీలో రాసిన మనిషే మీరు" అని ఆవిడ మొదటి రోజే చెప్పింది. నోట తెలుగు దొర్లితే కుర్చీ ఎక్కి ఏబీసీడీలు వెనక నుంచి చెప్పాలి. లిఫ్టు మెకానిక్ ఒకతను మొదటి వారంలోనే నాలుగుసార్లు కుర్చీ ఎక్కాడు. పైకెక్కి దిగడమే తన ఉద్యోగమని తనే నవ్వాడు.

రెండో క్లాసు నడుస్తుండగా తలుపు తోసుకుని ఒకామె లోపలికి వచ్చింది. అక్క తలెత్తి చూసి, చేతిలో చీటీ నలిపేసింది. వచ్చింది ఆమె చెల్లెలు.

ఇద్దరికీ మాటల్లేక పదకొండేళ్ళు. ఊరొకటే. చెల్లెలు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. కళ్ళు పరీక్ష చేసి అద్దాల నంబరు తీస్తుంది. దుకాణానికి బయటివాళ్ళ రాకపోకలు ఎక్కువై, యజమానే ఆమెను ఈ క్లాసుకు పంపించాడు. దారిలో ఎదురుపడితే ఇద్దరిలో ఎవరో ఒకరు ముఖం తిప్పుకుని అవతలి వైపుకు దాటిపోయేవారు. ఇక్కడ దాటడానికి అవతలి వైపు లేదు. ఉన్నవి పన్నెండు కుర్చీలు.

అసలు సంగతి వాళ్ళమ్మ పోయిన రోజుది. అమ్మ చిన్నకూతురి దగ్గర ఉండేది. కొన్ని నెలలుగా మంచం మీదే. ఆ రోజు అక్కకు పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా డ్యూటీ. అప్పట్లో ఆమెకు సెల్‌ఫోను లేదు. ఉన్నా యంత్రాల గదిలోకి తీసుకెళ్ళనివ్వరు. ఆరున్నరకు ఇంటికి వచ్చేసరికి గుమ్మం దగ్గర పక్కింటాయన నిలబడి ఉన్నాడు. అమ్మ అయిదు గంటలకే పోయిందని చెప్పాడు. అక్క చెల్లెలి ఇంటికి పరుగెత్తింది. చెల్లెలు గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "ఫోను..." అంటూ ఏదో చెప్పబోయింది. అక్క చెప్పనివ్వలేదు. కూడిన బంధువులందరి ముందు, "అమ్మకు ప్రాణం పోతోందని నాకు కబురు చెయ్యడానికి నీకు చేతులు రాలేదు. ఇక నాకు చెల్లెలు లేదు" అంది. చెల్లెలు మళ్ళీ నోరు విప్పలేదు. ఆ రోజూ విప్పలేదు, ఆ తర్వాతా విప్పలేదు.

గంట టీచరుకు ఇవేమీ తెలియవు. బొమ్మల చీటీలు సగానికి చింపి పంచి, ఎవరి సగం ఎవరి దగ్గరుందో వెతుక్కోమంది. అక్క చేతిలో ఎడమ కాలి చెప్పు బొమ్మ ఉంది. కుడి కాలిది చెల్లెలి దగ్గర తేలింది.

అక్క కొనడానికి వచ్చిన మనిషి. చెల్లెలు చెప్పుల దుకాణం మనిషి. కాసేపు ఇద్దరూ చీటీల్లోకే చూస్తూ నిలబడ్డారు. గంట టీచరు వచ్చి వెనక నిలబడింది. ఇక తప్పదని అక్క, "దిస్ షూ ఈజ్ స్మాల్" అంది, గోడకు చెప్పినట్టు.

చెల్లెలు ఆమె పాదాల వంక చూసింది. "నో మేడమ్. షూ ఈజ్ ఓకే. యువర్ ఫుట్ ఈజ్ వెరీ బిగ్" అంది.

క్లాసంతా గొల్లుమంది. అక్కకు చిన్నప్పటి నుంచీ పెద్ద పాదాలే. ఆమె విడిచిన చెప్పులు చెల్లెలికి ఏనాడూ సరిపోలేదు. ముందు గుడ్డలు కుక్కుకుని వేసుకునేది. అక్కకు ఒళ్ళు మండబోయి, ఎందుకో పెదవి చివర నవ్వు వచ్చి ఆగింది. పెద్ద పాదాలున్న మనుషుల కోసం వేరే దుకాణం ఉందా అని అడిగింది, వచ్చిన నాలుగు మాటలూ కూడబలుక్కుని. ఉందని, అది ఏనుగుల వీధిలో ఉందని చెల్లెలు జవాబిచ్చింది.

క్లాసు అయ్యాక మెట్ల మీద ఇద్దరూ ఒకరి వెనక ఒకరు దిగారు. వీధిలోకి రాగానే చెరో వైపుకు తిరిగారు.

తెలుగులో అయితే నోరు తెరవాలంటే ముందు ఒక పిలుపు కావాలి. అక్కా అనాలి, ఏమే అనాలి, నువ్వు అనాలో మీరు అనాలో తేల్చుకోవాలి. ఆ పిలుపు దగ్గరే ఇద్దరి గొంతులూ పూడుకుపోయి పదకొండేళ్ళయింది. ఇంగ్లీషులో ఆ బెడద లేదు. కలెక్టరుకైనా కుక్కకైనా ఒకటే మాట, 'యూ'. పైగా ఇద్దరికీ ఆ భాషలో ఒకరినొకరు తిట్టుకున్న జ్ఞాపకం లేదు. అందుకని గదిలో ఇంటివాళ్ళూ అద్దెవాళ్ళూ అయ్యారు. పెట్టె పోయిన ప్రయాణికురాలు, టోపీ పెట్టుకున్న అధికారి అయ్యారు. పెట్టెలో ఏమున్నాయని అధికారి అడిగితే, ఒక దువ్వెన, రెండు చీరలు, వాళ్ళాయన అని చెల్లెలు చెప్పింది. ఆ మాటకు గంట టీచరు కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. మీ ఇద్దరూ జన్మజన్మల నుంచి తెలిసినవాళ్ళలా ఆడుతున్నారని మెచ్చుకుంది కూడా. ఇద్దరూ నేల చూపులు చూశారు.

అక్క మంగళవారం కోసం ఎదురుచూడడం మొదలుపెట్టింది. ఆ మాట తనకు తను ఒప్పుకోలేదు. పరీక్ష కోసమే అనుకునేది.

ఏడో వారం మంగళవారం గంట టీచరు తీగ తెగిన టెలిఫోను బల్ల మీద పెట్టింది. ఆ రోజు పాఠం ఫోనులో మాట్లాడడం. చెల్లెలి చీటీలో, 'మీరు ఒక ఫ్యాక్టరీకి ఫోను చేస్తున్నారు, ఒక కార్మికురాలితో అత్యవసరంగా మాట్లాడాలి' అని ఉంది. అక్క చీటీలో, 'మీరు టెలిఫోను ఆపరేటరు, కార్మికురాలిని పిలవడం కుదరదు, కబురు రాసుకోండి' అని ఉంది. ఇద్దరూ ఒకరికొకరు వీపు తిప్పి కూర్చోవాలి. ఫోనులో ముఖాలు కనబడవు కదా.

మొదట మామూలుగానే సాగింది. హలో అన్నారు. ఎవరు కావాలని ఆపరేటరు అడిగింది. ఒక ఆడమనిషి, దుప్పట్లు మడతపెడుతుంది, అంది చెల్లెలు. అక్క చేతిలో పెన్సిలు ఆగింది. పిలవడానికి వీలు కాదని, కబురు చెప్పమని చీటీలో ఉన్నట్టే చదివింది.

అప్పుడు చెల్లెలు చీటీ పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. అన్నీ చిన్న చిన్న ముక్కలు. వ్యాకరణం సరిగా లేదు.

"ఐ కాల్డ్. త్రీ టైమ్స్. వన్ మ్యాన్ టాక్. హి సే, మెషీన్ రూమ్, నో ఫోన్. ఐ సే, హర్ మదర్ ఈజ్ గోయింగ్. హి సే, ఓకే, ఓకే, ఐ టెల్."

మూడుసార్లు ఫోను చేసిందట. వాళ్ళమ్మ పోతోందని చెప్పిందట. చెబుతానన్నాడట.

అక్క చెవుల్లో రోలరు హోరు వినబడింది. లాండ్రీలో ఫోను ఎక్కడుందో ఆమెకు తెలుసు. అప్పటి సూపర్‌వైజరు కూర్చునే గాజు గదిలో, ఆయన కుడిచేతి వైపు. ఆ రోజు ఆయన ఆ గదిలోంచి రెండుసార్లు బయటికొచ్చి ఆమె వెనకగా నడిచి వెళ్ళాడు. ఏమీ చెప్పలేదు.

ఏదో అనాలి. ఆమెకు వచ్చిన ఇంగ్లీషంతా వెతికింది. చివరికి, "నోబడీ టోల్డ్, మేడమ్. ఐ యామ్ సారీ. నోబడీ టోల్డ్ హర్" అంది.

"ఓకే. థాంక్యూ" అంది చెల్లెలు.

గంట మోగింది. చాలా సహజంగా చేశారని, కాస్త భూతకాలం చూసుకోవాలని గంట టీచరు అంది.

ఆ శుక్రవారం అక్క క్లాసుకు వెళ్ళలేదు. ఆదివారం పాత సూపర్‌వైజరు ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. ఆయన రిటైరై ఆరేళ్ళయింది. యంత్రాల మోతకు చెవులు పూర్తిగా పోయాయి. వరండాలో కూర్చుని బఠాణీలు వలుస్తున్నాడు. ఆమె చెవి దగ్గర నోరు పెట్టి ఒకటికి రెండుసార్లు అరిచి చెప్పాల్సి వచ్చింది. విని, ఆయన చాలాసేపు బఠాణీలు వలుస్తూనే ఉన్నాడు. గుర్తులేదంటాడేమో అనుకుంది. ఆయన అలా అనలేదు.

"మొదటి ఫోను రెండున్నరకు వచ్చింది. ఆపరేషన్ గౌన్ల లోడు దించి ఉంది. రోలరు మీద నువ్వూ ఇంకొకామే ఉన్నారు. షిఫ్టు అయ్యాక చెబుదాం, ఎక్కడికి పోతుందిలే అనుకున్నానమ్మా. మర్నాడు తెలిసింది, ఆవిడ పోయిందని. ఇక నీ ముఖం చూసి చెప్పడానికి నోరు రాలేదు."

అక్క ఆయన్ని ఒక్క మాట అనలేదు. అరిచి తిట్టాలన్నా ఆ చెవిలోనే కదా తిట్టాలి. రెండున్నరకు బయల్దేరి ఉంటే మూడు గంటలకల్లా చేరేది. అమ్మకు ఇంకా రెండు గంటల ఆయుష్షు ఉంది. బస్సులో అదే లెక్క వేసుకుంటూ వచ్చి, తన వీధిలో దిగకుండా నేరుగా చెల్లెలి ఇంటి ముందు దిగింది.

చెల్లెలు తలుపు తీసి, పక్కకు జరిగింది. కూర్చోమని కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెచ్చి పెట్టింది. కొత్తవాళ్ళకు పెట్టినట్టు గ్లాసు కింద చిన్న పళ్ళెం కూడా పెట్టింది. అక్క నీళ్ళు ముట్టకుండానే చెప్పేసింది. "మా పాత సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళొచ్చాను. నువ్వు ఫోను చేసిన మాట నిజమేనట."

"నిజమేనటా?"

"ఆయనే ఒప్పుకున్నాడు."

చెల్లెలు ఆమె ఎదురుగా కూర్చుంది. "ఆయన ఒప్పుకోకపోయి ఉంటే? గుర్తులేదని ఉంటే ఇక్కడికి వచ్చేదానివేనా?"

అక్క గ్లాసు కింది పళ్ళెం వంక చూసింది.

"మంగళవారం నేను చెప్పాను కదా. అది నీకు చాలలేదు. వెళ్ళి సాక్షిని పట్టుకొచ్చుకున్నావు" అంది చెల్లెలు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అక్కకు సుఖంగా ఉండేది.

క్షమించమని అడగడానికి వచ్చిన మనిషి అప్పుడు మాట జారింది. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా వచ్చి చెప్పి ఉండొచ్చు కదా అంది. చెప్పనిచ్చావా అని చెల్లెలు అడిగింది. అంతే, పాతవన్నీ ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చాయి. అమ్మకు స్నానం ఎవరు చేయించారు, నెలకు ఎన్నిసార్లు వచ్చి చూశావు, వచ్చినప్పుడల్లా తప్పులు పట్టడం తప్ప ఏం చేశావు. తెలుగులో ఇద్దరికీ మాటలు తడుముకోవాల్సిన అవసరం లేదు. తగలాల్సిన చోట తగిలేలా ఒక్కో మాటా దానంతటదే వచ్చింది. అక్క లేచి వచ్చేసింది. నీళ్ళ గ్లాసు నిండుగానే ఉంది.

తర్వాతి మంగళవారం చెల్లెలు క్లాసుకు రాలేదు. శుక్రవారమూ రాలేదు. దుకాణంలో సాయంత్రం డ్యూటీ పడిందని, మానేసిందని గంట టీచరు చెప్పింది. మంచి జట్టు విడిపోయిందని బాధపడింది. అక్కకు లిఫ్టు మెకానిక్‌ను జత చేసింది. అతను మంచివాడే. డాక్టరు పాత్ర ఇస్తే రోగికి గ్రీజు రాయమని చెప్పేవాడు. అందరూ నవ్వేవారు. అక్క తన వంతు వచ్చినప్పుడు చీటీలో ఉన్నది ఉన్నట్టు చెప్పి కూర్చునేది.

పరీక్షలో పాసైంది. సూపర్‌వైజరు కూడా అయింది. గాజు గదిలో కూర్చుని రిజిస్టరు తెరిస్తే గీతలన్నీ ఒకదానిలోకి ఒకటి అల్లుకుపోయి కనబడ్డాయి. దుప్పట్లు మడతపెట్టడానికి చూపుతో పనిలేదు, చేతులు చాలు. ఈ పనికి కళ్ళజోడు తప్పనిసరి. ఊళ్ళో కళ్ళజోళ్ళ దుకాణాలు నాలుగున్నాయి. మూడింటి ముందు నుంచి నడిచి, నాలుగోదానిలోకి వెళ్ళింది.

కౌంటరులో మరో ఇద్దరు అమ్మాయిలున్నారు. చెల్లెలు తెల్లకోటు వేసుకుని ఉంది. "లోపలికి రండి" అంది. ఆ 'రండి' అక్కకు సూదిలా దిగింది. వెనకే వెళ్ళింది.

లోపల చిన్న గది. ఎదుటి గోడ మీద వెలుగుతున్న అక్షరాల పెట్టె, మిగతా అంతా మసక. చెల్లెలు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, బరువైన ఇనుప ఫ్రేము ముక్కు మీద ఆనించింది. ఒక కన్ను మూసి, ఒక్కో అద్దం వేస్తూ, ఇది బాగుందా, ముందుది బాగుందా అని అడుగుతూ పోయింది. అక్క చెబుతూ పోయింది. చెల్లెలి వేళ్ళు కణతలకు తగులుతున్నాయి. చల్లగా ఉన్నాయి.

రెండో కంటికి వచ్చేసరికి అక్క ఆగలేకపోయింది. "ఆ రోజు నేనన్న మాట అనకుండా ఉండాల్సింది" అంది, అక్షరాల వంకే చూస్తూ.

చెల్లెలు అద్దం మార్చింది. "ఇది?"

"ముందుదే నయం." ఆ వెంటనే, "అమ్మ నన్ను అడిగిందా?" అంది.

చెల్లెలు చేతిలోని అద్దం పెట్టెలో పెట్టేసింది. ఆమె వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. కానీ ఎదురుగా కూర్చోలేదు. కుర్చీ వెనకే నిలబడి చెప్పింది.

"అడిగింది. పెద్దదేదీ, పెద్దదేదీ అని. వస్తోందమ్మా అన్నాను. మూడోసారి ఫోను చేసి వచ్చేసరికి అమ్మకు చూపు ఆనడం లేదు. నా చెయ్యి తడిమి, 'పెద్దదానా, వచ్చావా' అంది. నేను కాదని చెప్పబోయాను. అమ్మ ముఖం చూస్తే చెప్పలేకపోయాను. 'వచ్చానే' అన్నాను, నువ్వు అమ్మను ఏడిపించేటప్పుడు అనేదానివి చూడు, అలా. నమ్మింది. చాలాసేపు నీతో మాట్లాడింది. నీ మోకాళ్ళ గురించి అడిగింది. నిలబడి పనిచెయ్యొద్దని చెప్పింది."

ఫ్రేము బరువుకు అక్క ముక్కు నొప్పి పుడుతోంది.

"తర్వాత చిన్నదేదీ అని అడిగింది. మందులకు వెళ్ళింది, వచ్చేస్తుంది అన్నాను. ఇంకేమనాలి? నేనే చిన్నదాన్నమ్మా అంటే నువ్వు రాలేదని తెలిసిపోతుంది. 'చీకటి పడకముందే రమ్మను, దాన్ని ఒకసారి చూడాలి' అంది. మళ్ళీ అడిగింది. పోయేటప్పుడు కూడా వాకిలి వైపే ముఖం పెట్టుకుని ఉంది. ఆమె చెయ్యి నా చేతిలోనే ఉంది. నేను అక్కడే ఉన్నాను, కానీ అమ్మకు నేను రాలేదు."

బయట కౌంటరులో ఎవరో ఫ్రేముల ధర అడుగుతున్నారు. చెల్లెలు గొంతు తగ్గించింది.

"అలా గోడకు ఆనుకుని కూర్చున్నాను. అప్పుడే నువ్వు వచ్చి, నాకు చెల్లెలు లేదన్నావు. అమ్మకూ నేను లేనట్టే పోయింది, నీకూ లేకుండా పోయాను అనిపించింది. ఇక ఎవరికి ఏం చెప్పను?"

అక్క చెయ్యి వెనక్కి చాచింది. తెల్లకోటు అంచు దొరికింది. దాన్నే పట్టుకుంది. ఏదైనా చెప్పాలంటే ఆమెకు ఈసారి ఏ భాషలోనూ మాట దొరకలేదు. కన్నీళ్ళు ఫ్రేములోని అద్దాలను తడిపి చెంపలకు దిగాయి. అక్షరాల పెట్టె ఒక తెల్లటి మచ్చలా కరిగిపోయింది.

చెల్లెలు కోటు విడిపించుకోలేదు. అలాగే ముందుకు వంగి, ఫ్రేము జాగ్రత్తగా తీసి, అందులోని అద్దాలు ఒక్కొక్కటే బయటికి లాగి మెత్తటి గుడ్డతో తుడిచింది. వాటిని నంబర్ల ప్రకారం పెట్టెలో సర్దింది. ఆమె ముఖమూ తడిగానే ఉంది. దాన్ని తుడుచుకోలేదు.

"ఇవాళ కుదరదు. కళ్ళు ఇలా ఉంటే నంబరు తప్పొస్తుంది" అంది. "రేపు పొద్దున రా. పదింటికి నేనే ఉంటాను."

మర్నాడు అక్క లాండ్రీలో గంటసేపు అనుమతి తీసుకుని వెళ్ళింది. ఆ రోజు కళ్ళ పరీక్ష సవ్యంగానే జరిగింది. ఇద్దరూ అద్దాల గురించి తప్ప మరో మాట మాట్లాడుకోలేదు. పరీక్ష అయ్యాక చెల్లెలు ఆమెతో పాటు వీధి మలుపు దాకా నడిచి వచ్చి, బస్సు వచ్చేదాకా నిలబడింది.